పసుపు జెర్సీతో మళ్లీ మడగావ్‌కు

సికింద్రాబాద్‌లో వాస్కో రైలు ఎక్కేటప్పటికి బావ సంచిలో రెండు టిఫిన్ డబ్బాలు, ఒక దుప్పటి, ఒక హాజరుపట్టీ, మడత నలగని పసుపు జెర్సీ ఉన్నాయి. 2025 డిసెంబర్ రెండో వారం, శుక్రవారం పొద్దున. గోవాలో వాళ్లు చూడబోయే మ్యాచ్ ఏదీ లేదు. అది తెలిసే టికెట్లు తీసుకున్నాడు.

వెంట బామ్మర్ది ఉన్నాడు. గచ్చిబౌలి స్టేడియంలో వాళ్ల స్టాండ్‌లో కూర్చునేవాళ్లకు ఈ ఇద్దరి అసలు పేర్లు తెలియవు. బావాబామ్మర్దులంటేనే గుర్తుపట్టేవారు. బావ సర్కారు బడిలో పీఈటీ సారు. బామ్మర్దిది మొబైల్ రిపేరు దుకాణం. 2019 నవంబర్ 2న హైదరాబాద్ ఎఫ్‌సీ సొంత మైదానంలో మొట్టమొదటి మ్యాచ్ ఆడినప్పుడు ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఆ రాత్రి ముందుగా గోల్ కొట్టింది కేరళ బ్లాస్టర్స్ కుర్రాడు రాహుల్ కేపీ. తర్వాత స్టాంకోవిచ్ పెనాల్టీతో స్కోరు సమమైంది. ఎనభై నిమిషాలు దాటాక మార్సెలీనో కొట్టిన ఫ్రీకిక్ వలలో పడింది. 2–1. వారం ముందే కోల్‌కతాలో అయిదు గోల్స్ తిని వచ్చిన జట్టు అది. ఆ గెలుపుతో బావ దానికి కట్టుబడిపోయాడు.

ఇప్పుడా జట్టు లేదు. 2025 అక్టోబర్‌లో యాజమాన్యం దాన్ని ఢిల్లీకి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చింది. ప్రతి ఆఫ్ సీజన్‌లోనూ ఆటగాళ్లు పోతారు, కోచ్‌లు పోతారు. ఈసారి ఆఫ్ సీజన్ క్లబ్బునే పట్టుకుపోయింది. పైగా ఆ ఆఫ్ సీజన్ ముగిసే ఛాయలూ లేవు. మామూలుగా సెప్టెంబర్, అక్టోబర్‌లలో మొదలయ్యే ఇండియన్ సూపర్ లీగ్, ఫెడరేషన్‌కూ నిర్వాహకులకూ మధ్య ఉన్న ఒప్పందం గడువు తీరిపోతుండటంతో డిసెంబర్ వచ్చినా మొదలు కాలేదు. జట్టు లేని అభిమాని, సీజన్ లేని లీగ్. అలాంటప్పుడు బావకు మడగావ్‌లోని ఫతోర్దా స్టేడియానికి వెళ్లి రావాలనిపించింది. 2022లో మన జట్టు లీగ్ కప్పు గెలిచింది అక్కడే కాబట్టి.

రైలు కాచిగూడలో ఆగింది. బావ కిటికీలోంచి ప్లాట్‌ఫారం వైపు చూస్తూ రహీం సాబ్ ముచ్చట ఎత్తుకున్నాడు. సయ్యద్ అబ్దుల్ రహీం కూడా బడిపంతులే. కాచిగూడ మిడిల్ స్కూల్లో పాఠాలు చెప్పాడు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. ఆ జట్టులో మన బలరాం ఉన్నాడు, యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. మరుసటి ఏడాది జూన్‌లో రహీం క్యాన్సర్‌తో కన్నుమూశాడు.

"ఇదే స్టేషన్ల నుంచి ఎక్కి పోయిన్రురా మనోళ్లు," అన్నాడు బావ. "కోల్‌కతాకు, బొంబాయికి. బలరాం ఈస్ట్ బెంగాల్‌కు పోయిండు. మన ఆటకు రైలెక్కుడు కొత్త కాదు."

"అప్పుడు మనుషులు పోయిన్రు బావ. ఇప్పుడు బోర్డు కూడా పీక్కొని పోయిన్రు."

బావ ఏమీ అనలేదు. హాజరుపట్టీ తీశాడు.

అది బడిలో పిల్లల పేర్లు రాసుకునే మామూలు పట్టీయే. 2019 నుంచి ఏటేటా ఒక పేజీలో జట్టు మొత్తం పేర్లు రాసుకుంటూ వచ్చాడు. సీజన్ అయిపోయాక వెళ్లిపోయినవాళ్ల పేర్ల మీద ఎర్ర గీత గీసి, పక్కన ఎక్కడికి పోయారో రాస్తాడు. మొదటి పేజీ చూస్తే బాధే. 18 మ్యాచ్‌లు, రెండు గెలుపులు, 10 పాయింట్లు, అట్టడుగు స్థానం. కోచ్ ఫిల్ బ్రౌన్‌ను సీజన్ మధ్యలోనే తప్పించారు. తర్వాత వచ్చిన ఆల్బర్ట్ రోకా మీద అందరూ ఆశలు పెట్టుకున్నారు. 2020 ఆగస్టులో ఆయనకు బార్సిలోనా నుంచి పిలుపొచ్చింది, వెళ్లిపోయాడు. జట్టుకది చేటని బావ ఆ రోజు గట్టిగా నమ్మాడు. ఆ నెలాఖరుకు రోకా స్థానంలో మానోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు. ఆఫ్ సీజన్‌లో జరిగేదాని మంచిచెడ్డలు ఆ ఆఫ్ సీజన్‌లోనే తేల్చకూడదని బావకు తెలిసింది అప్పుడే.

మానోలో పేరు రాగానే బామ్మర్ది గొంతు మారింది. అతనికి జట్టంటే మానోలోనే. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, మహమ్మద్ యాసిర్, రోహిత్ దాను లాంటి కుర్రాళ్లను పట్టుకుని మొదటి ఏడాదే అయిదో స్థానానికి తెచ్చాడు. రెండో ఏడాది లీగ్‌లో 38 పాయింట్లతో రెండో స్థానం. కోవిడ్ వల్ల ఆ రెండు సీజన్లూ మొత్తం గోవాలోనే, రెండో ఏడాది ఫైనల్ తప్ప, ఖాళీ స్టేడియంలలో జరిగాయి. అంటే హైదరాబాద్ జట్టు తన గొప్ప సీజన్‌లో హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. బావ ఫైనల్ దాకా ఆ సీజన్ మొత్తం ఇంట్లో టీవీ ముందు, వాల్యూమ్ తగ్గించి, భార్యాపిల్లలు నిద్రపోయాక చూశాడు. ఒగ్బెచే ఆ ఏడాది 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. పదిహేడేళ్ల వయసులో నైజీరియా తరఫున 2002 ప్రపంచకప్‌కు వెళ్లినవాడు ముప్పై ఏడేళ్లప్పుడు మన పసుపు జెర్సీలో చేసిన పని అది.

"మానోలో సార్ గోవాకు పోయిండు, నేను గూడ గోవా దిక్కే," అన్నాడు బామ్మర్ది. మాట కలవని చోటు ఇదే. 2023లో మార్కెజ్ ఎఫ్‌సీ గోవాకు వెళ్లినప్పటి నుంచి బామ్మర్ది గోవా మ్యాచ్‌లు చూస్తున్నాడు. అతని దగ్గర తర్కం ఉంది. మొన్న డిసెంబర్ 7న ఫతోర్దాలోనే గోవా జట్టు ఈస్ట్ బెంగాల్‌ను పెనాల్టీల్లో ఓడించి సూపర్ కప్పు గెలిచింది. గట్టు మీద నిలబడింది అదే మానోలో. మన కప్పు గెలిచిన మైదానం, మన కోచ్, మళ్లీ పెనాల్టీలే. జెర్సీ రంగు ఒక్కటే మారింది, అంతే కదా అంటాడు.

అంతే కాదని బావకు తెలుసు. ఎందుకు కాదో చెప్పడమే కష్టం.

మహబూబ్‌నగర్ దాటి గద్వాల వైపు వెళ్తుంటే కృష్ణమ్మ వంతెన వచ్చింది. వాన వెనకపట్టి రెండు నెలలవుతున్నా నీళ్లు బండల మధ్య మెరుస్తూ పారుతున్నాయి. కృష్ణ అని మనం పిలిచే ఈ నీళ్లలో పుణె నీళ్లూ ఉన్నాయి. ఆ ఊళ్లో పారే ములా ముఠా భీమలో కలుస్తుంది. ఆ భీమ ఈ వంతెనకు ఎగువనే కృష్ణలో కలుస్తుంది. బావకు ఇక్కడ పుణె గుర్తుకు రావడానికి ఇంకో కారణం ఉంది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో ఊరికే పుట్టలేదు. ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడితే, లీగ్‌లో ఆ ఖాళీ అయిన చోటు మనకొచ్చింది. పుణెలో బాలేవాడి స్టేడియంలో ఆరంజ్ ఆర్మీ అని ఒక అభిమానుల గుంపు ఉండేది. అయిదేళ్లు ఆ రంగు వేసుకుని అరిచినవాళ్లు. 2019 ఆగస్టులో వాళ్ల జట్టు పోయింది. అదే నెల మన జట్టు వచ్చింది.

ఆ రోజు బావ స్వీట్లు పంచాడు. బడిలో, వీధిలో. పుణెలో తనలాంటి పీఈటీ సారు ఒకడు ఉండి ఉంటాడన్న ఆలోచన అప్పుడు రాలేదు. ఆ ఏడాదే ఢిల్లీ డైనమోస్ కూడా ఢిల్లీ విడిచి భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఆరేళ్ల తర్వాత ఢిల్లీ ఖాళీ నింపడానికి మన జట్టును తీసుకెళ్లారు. ఢిల్లీలో ఇప్పుడు ఎవరో స్వీట్లు పంచుతుంటారు. వాళ్ల మీద బావకు కోపం లేదు. పంచుకోనీ. కానీ ఊళ్లు మారే ఈ పద్ధతి మీద కోపం ఉంది. ఒక ఊరు అయిదారేళ్లు పెంచుకున్నదాన్ని ఆ ఊరికి ఒక్క మాట చెప్పకుండా బండి కట్టుకుని తీసుకుపోయే వీలుండకూడదు. ఈ మాట ఇప్పుడు అంటున్నాడు గానీ 2019లో పుణె వాళ్ల తరఫున అనలేదే అన్నదే అతన్ని ఎక్కువగా నొప్పిస్తున్నది.

కర్నూలు దగ్గర తుంగభద్ర, తర్వాత డోన్. గుంతకల్లులో పొద్దు వాలుతుండగా వేడి మిరపకాయ బజ్జీలు కొన్నారు. డబ్బాలో పులిహోరతో కలిపి తిన్నారు. పట్టీలో ఎర్ర గీతల లెక్క మళ్లీ మొదలైంది.

2021 పేజీలో లిస్టన్ కొలాసో, ఏటీకే మోహన్ బగాన్. 2022లో ఆశిష్ రాయ్ అక్కడికే, సౌవిక్ చక్రవర్తి ఈస్ట్ బెంగాల్. ఇవి నొప్పించిన గీతలు గానీ భయపెట్టినవి కావు. కప్పు గెలిచిన జట్టు కుర్రాళ్లను పెద్ద క్లబ్బులు ఎగరేసుకుపోవడం ఎక్కడైనా ఉన్నదే. 2022 అక్టోబర్ 22న, రెండున్నరేళ్లకు పైగా ఖాళీ తర్వాత, జట్టు గచ్చిబౌలికి తిరిగి వచ్చి బెంగళూరును ఒగ్బెచే గోలుతో 1–0తో ఓడించింది. ఆ సీజన్‌లో 42 పాయింట్లు, మళ్లీ రెండో స్థానం. సెమీఫైనల్ రెండు మ్యాచ్‌లూ 0–0. కోల్‌కతాలో పెనాల్టీల్లో పోయింది.

2023 వేసవి పేజీ వేరు. అందులో నల్ల సిరా కంటే ఎర్ర సిరాయే ఎక్కువ. మార్కెజ్, ఓడేయి ఒనైందియా గోవాకు. సివెరియో, బోర్హా హెరేరా ఈస్ట్ బెంగాల్‌కు. ఆకాశ్ మిశ్రా ముంబైకి. హాలిచరణ్ నర్జారీ బెంగళూరుకు. ఒగ్బెచే కూడా వెళ్లిపోయాడు. కొత్తగా కోచింగ్ బృందంలో చేరిన కానర్ నెస్టర్ సీజన్ పూర్తయ్యేదాకా లేడు. జీతాల బకాయిల మాట బయటికొచ్చింది, ఫిఫా బదిలీ నిషేధం పడింది. 2024 జనవరిలో నిఖిల్ పూజారి, చింగ్లెన్‌సనా సింగ్ బెంగళూరుకు వెళ్లారు. విదేశీ ఆటగాళ్లలో చివరికి మిగిలింది జువావ్ విక్టర్ ఒక్కడే. కప్పు ఎత్తిన కెప్టెన్ అతనే. కోచ్ థాంగ్‌బోయ్ సింగ్తో చేతిలో ఉన్నది కుర్రాళ్ల జట్టు. 22 మ్యాచ్‌లలో ఒకటే గెలుపు, 8 పాయింట్లు.

బావ ఎక్కువగా మాట్లాడేది ఈ సీజన్ గురించే. కప్పు గెలిచిన సీజన్ గురించి కూడా ఇంత మాట్లాడడు. గచ్చిబౌలిలో స్టాండ్లు బోసిపోయాయి. డెక్కన్ లీజియన్ అని పిలుచుకునే అభిమానుల గుంపులో మిగిలిన కొందరు డప్పు పట్టుకుని వస్తూనే ఉన్నారు. మైదానంలో ఉన్న కుర్రాళ్లలో చాలామందికి పై స్థాయి ఆట అదే మొదలు. మూడు గోల్స్ పడ్డాక కూడా బంతి కోసం ఉరికేవారు. తన బడి పిల్లల్లాగే కనిపించేవారు బావకు. ఓడిపోయి గట్టు దగ్గరికి వచ్చి తలదించుకుని చేతులు జోడించేవారు. వాళ్ల పేర్లన్నీ ఆ పేజీలో రాసుకున్నాడు. ఆ పేజీలో మాత్రం ఒక్క ఎర్ర గీత లేదు.

"గీత గియ్యలేదేంది?" అన్నాడు బామ్మర్ది.

"గియ్యబుద్ధి కాలే."

2024–25లో పదమూడు జట్లలో పన్నెండో స్థానం, 18 పాయింట్లు. ఆ మధ్యలో ఒక సంగతి జరిగింది. 2024 సెప్టెంబర్‌లో గచ్చిబౌలిలో ఇంటర్‌కాంటినెంటల్ కప్పు పెట్టారు. భారత జట్టు కోచ్‌గా మానోలో మార్కెజ్ మొదటి మ్యాచ్ ఆడించింది అక్కడే, మారిషస్ మీద, 0–0. హైదరాబాద్‌కు కప్పు తెచ్చిన మనిషి హైదరాబాద్‌కు దేశం కోచ్‌గా వచ్చాడు. బామ్మర్ది గొంతు పోయేలా అరిచాడు. బావ కూడా చప్పట్లు కొట్టాడు. కొడుతూనే, ఈ మనిషి మీద ప్రేమ వేరు, ఆ చేతులు జోడించిన కుర్రాళ్ల మీద ప్రేమ వేరని అతనికి అర్థమైంది.

హోసపేట దాటాక బామ్మర్ది పడుకున్నాడు. హుబ్బళ్లి, ధార్వాడ దాటి రైలు పడమటి కనుమల్లోకి దిగేటప్పటికి అంతా చీకటి. దూద్‌సాగర్ జలపాతం ఎక్కడో పక్కనే ఉంటుంది, కనిపించదు. సొరంగాల్లో చక్రాల చప్పుడు బరువెక్కుతుంది. బావ నిద్రపోలేదు. 2022 మార్చిలో ఇలాగే గోవాకు వచ్చాడు. అప్పుడు రాత్రి బస్సు.

మార్చి 20, ఆదివారం. కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. రెండేళ్ల తర్వాత ప్రేక్షకులను మళ్లీ లోపలికి రానిచ్చిన మ్యాచ్ అది. మడగావ్ అంతా కేరళవాళ్లే. రైళ్లలో, బస్సుల్లో, బైకుల మీద మంజప్పడ అనే వాళ్ల అభిమానుల గుంపు దండు దండుగా దిగింది. వాళ్ల రంగూ పసుపే. బస్సు దిగిన బావాబామ్మర్దుల పసుపు జెర్సీలు చూసి కేరళ కుర్రాళ్లు తమవాళ్లే అనుకుని వచ్చి భుజాల మీద చేతులేశారు. జెర్సీ మీద చార్మినార్ మినారు, కోహినూర్ బొమ్మ చూశాక కూడా చేతులు తియ్యలేదు. నవ్వుతూ చాయ్ తాగించారు. లీగ్‌లో కేరళ కన్నా పై స్థానంలో నిలిచింది హైదరాబాద్ కాబట్టి ఫైనల్లో పసుపు వేసుకునే హక్కు మనకు దక్కింది. కేరళ జట్టు నల్ల జెర్సీతో దిగింది. స్టాండ్లు మాత్రం వాళ్ల పసుపుతో నిండిపోయాయి. ఆ మ్యాచ్ కోసం బైకు మీద బయల్దేరిన ఇద్దరు కేరళ కుర్రాళ్లు దారిలో ప్రమాదంలో చనిపోయారని అక్కడే తెలిసింది. చాయ్ తాగించిన కుర్రాడి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. బావకు ఆ ముఖం ఇప్పటికీ గుర్తే.

అరవై ఎనిమిదో నిమిషంలో రాహుల్ కేపీ కొట్టాడు. గచ్చిబౌలి మొదటి రాత్రి కొట్టిన అదే రాహుల్. బంతి గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టీమనీ చేతుల్ని తాకి కూడా లోపలికి జారింది. ఇక అయిపోయిందనుకున్నారు. ఎనభై ఎనిమిదో నిమిషంలో, సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ టవోరా పెట్టె బయటి నుంచి, బంతి గాల్లో ఉండగానే ఒక్క తన్ను తన్నాడు. 1–1. ఎక్స్‌ట్రా టైమ్, తర్వాత పెనాల్టీలు.

తెల్లవారకముందే మడగావ్‌లో దిగారు. స్టేషన్ బయట చలిగాలి. ఇళ్ల ముందు క్రిస్మస్ నక్షత్రాలు ఇంకా వెలుగుతున్నాయి. సైకిల్ మీద వెదురు గంపతో పావ్ అమ్మే పొదేర్ హారన్ మోగిస్తూ వెళ్తున్నాడు. ఇద్దరూ వేడి పావ్ కొనుక్కుని, చాయ్‌లో ముంచుకుని తిన్నారు. వెలుగొచ్చాక ఫతోర్దాకు నడిచారు. బావ సంచిలోంచి జెర్సీ తీసి చొక్కా మీదే తొడుక్కున్నాడు.

స్టేడియం గేటు మూసి ఉంది. వారం కిందటి సూపర్ కప్పు ఫైనల్ తాలూకు బ్యానరు ముక్క ఒకటి కంచెకు వేలాడుతోంది. ఆ సూపర్ కప్పులోనే మన పాత జట్టు ఢిల్లీ పేరుతో మొదటిసారి ఆడింది. అది కూడా గోవాలోనే. గ్రూపులో కేరళ బ్లాస్టర్స్ ఎదురైంది. 0–3తో ఓడింది. బావ ఆ మ్యాచ్ ఫోన్‌లో పది నిమిషాలు చూసి ఆపేశాడు. కోపంతో కాదు. ఎవరి వైపు ఉండాలో తెలియలేదు.

గేటు దగ్గర కాపలా ఆయన, యాభై దాటిన మనిషి, జెర్సీ వైపు చూశాడు. "కేరళా?" అన్నాడు హిందీలో.

"కాదు, హైదరాబాద్."

ఆయన రెండు క్షణాలు ఆగాడు. తర్వాత ముఖం విప్పారింది. "కట్టీమనీ జట్టు!"

బావకు వెంటనే మాట రాలేదు. హైదరాబాద్‌లోనే చాలామందికి గుర్తులేని పేరది. ఇక్కడ గుర్తుండటానికి కారణముంది. కట్టీమనీ గోవావాడు. టవోరా కూడా గోవావాడే. పైగా 2015 డిసెంబర్‌లో ఇదే ఫతోర్దాలో ఫైనల్ జరిగినప్పుడు కట్టీమనీ ఎఫ్‌సీ గోవా గోల్‌కీపర్. చివరి నిమిషాల్లో గోవా 2–1తో ముందంజ వేసింది. తొంభయ్యో నిమిషంలో బంతి కట్టీమనీకే తగిలి సెల్ఫ్ గోల్ అయింది. ఆ వెంటనే మెండోజా ఇంకొకటి కొట్టాడు. చెన్నయిన్ 3–2తో కప్పు ఎత్తుకుపోయింది. సొంత ఊళ్లో, సొంతవాళ్ల ముందు. ఆ కాపలా ఆయన ఆ రాత్రీ ఇక్కడే ఉన్నాడట.

"ఆరేళ్లు," అన్నాడు వేళ్లు చూపిస్తూ. "ఆరేళ్లు మోశాడు ఆ బరువు."

బామ్మర్ది అప్పటికే ఫోన్ తీశాడు. 2022 షూటౌట్ వీడియో దొరికింది. ముగ్గురూ గేటు పక్క గోడ నీడలో నిలబడి చూశారు. లెస్కోవిచ్ కొట్టాడు, కట్టీమనీ ఆపాడు. నిషు కుమార్ కొట్టాడు, ఆపాడు. గీత దాటి ముందుకొచ్చావని రెఫరీ మళ్లీ కొట్టించాడు. మళ్లీ ఆపాడు. తెర మీద ఎక్కడో పై వరసల్లో, పసుపు సముద్రంలో, బావాబామ్మర్దులు ఉండాలి. కనిపించలేదు. జీక్సన్ సింగ్ కొట్టాడు. అది కూడా ఆపాడు. చివరికి నర్జారీ బంతిని వలలోకి పంపాడు. 3–1.

"మళ్లీ పెట్టు," అన్నాడు కాపలా ఆయన. "ఆ రెండోసారి కొట్టించింది."

బామ్మర్ది వెనక్కి తిప్పాడు. ఆయన టోపీ తీసి గోడ మీద పెట్టాడు. కాళ్లు ఎడం చేసి, మూసిన గేటుకు వీపు పెట్టి నిలబడి, నిషు కుమార్ తెర మీద పరుగు మొదలెట్టేసరికి రెండు చేతులూ చాచాడు.